మా పాప ఓణీల ఫంక్షనూ, ఐదు వందల స్టీలు గ్లాసులూ

చెత్త తగ్గించి ఫంక్షన్ చేయాలని నాకెందుకు అనిపించిందో చెప్పాలంటే ముందు బర్రె సంగతి చెప్పాలి.

2019లో మా అన్నయ్య పెళ్లి మా ఊళ్లోనే జరిగింది, నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర, ఇంటి ముందు వేసిన పందిట్లో. తొమ్మిది వందల మంది దాకా తిన్నారు. మరునాడు తెల్లారి లేచి చూస్తే ఇంటి వెనక కాలవ గట్టు మీద నడుం ఎత్తు కుప్ప. మిగిలిన అన్నం, సాంబారు, ప్లాస్టిక్ గ్లాసులు, వెండి రంగు పూత పూసిన పేపరు ప్లేట్లు, సగం తాగి పడేసిన నీళ్ల బాటిళ్లు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. రాత్రి వంటవాళ్లు పోయేముందు రెండు గుండిగల అన్నం అక్కడే కుమ్మరించారు, కుమ్మరించమని చెప్పింది కూడా మా ఇంట్లోవాళ్లే. పక్కింటి పెద్దమ్మ వాళ్ల పాడి బర్రె పలుపు తెంపుకుని వచ్చి ఆ అన్నం తినేసింది. మధ్యాహ్నానికి కడుపుబ్బి పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు గానీ సాయంత్రానికి చనిపోయింది.

డాక్టరు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. నెమరు వేసే పశువు ఒక్కసారిగా అంత ఉడికిన అన్నం తింటే పొట్టలో అది పులిసిపోయి ఆమ్లం తయారవుతుందట, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కితే ఇక పశువు లేవదట. గడ్డిని అరిగించుకోవడానికి ఉన్న పొట్ట అది, గుండిగల కొద్దీ అన్నానికి కాదు. బర్రె ఖరీదు నాన్న ఇచ్చాడు. పెద్దమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ముందురోజు మా ఇంటి పెళ్లిలో వడ్డన చేసింది ఆమే.

అందుకని పోయిన మే నెలలో మా అక్క కూతురికి ఓణీల ఫంక్షన్ చేద్దామని అనుకున్నప్పుడు భోజనాలు, పందిరి, సామాను మొత్తం నేను చూసుకుంటానని చెప్పాను. అక్క సరేనంది. బావ కొంచెం తటపటాయించాడు. అన్నయ్య మేనమామ కదా, పట్టుచీర పెట్టేది వాడే, వాడు మాత్రం "నువ్వెట్టా చెప్తే అట్టా చేద్దాం" అన్నాడు. ఆ కాలవ గట్టు వాడు కూడా మర్చిపోలేదు.

చెత్త తక్కువయ్యేలా ఫంక్షన్ చేయాలనుకునే వాళ్లు చాలామంది చెత్తడబ్బాల దగ్గర మొదలుపెడతారు, పచ్చ డబ్బా ఎక్కడ పెట్టాలి, నీలం డబ్బా ఎక్కడ పెట్టాలి అని. నేనూ మొదట అదే అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని సామాను లిస్టు రాసేసరికి అర్థమైంది, పందిట్లోకి రాని వస్తువును ఏరాల్సిన పనే ఉండదు. కాబట్టి పనంతా నెల ముందే, ఆ లిస్టు దగ్గరే చేయాలి.

అన్నిటికన్నా కష్టమైంది ఎంతమంది వస్తారో తెలుసుకోవడం. మన దగ్గర పిలిచిన వాళ్లను "ఎంతమంది వస్తారు?" అని అడగలేం. అడిగితే తిండికి లెక్క చూసుకుంటున్నారా అని మనసు నొచ్చుకుంటారు, నొచ్చుకున్న వాళ్లు అసలు రారు. ఆ భయంతోనే ప్రతి ఇంటికీ ఆరుగురు వస్తారని లెక్కేస్తాం, వాళ్లు ఇద్దరే వస్తారు, నలుగురి అన్నం గుండిగలో మిగిలిపోతుంది. దీనికి దారి చూపించింది మా పిన్ని. మే నెల ఎండలో నెల్లూరు నుంచి, కావలి నుంచి, పొదలకూరు వైపు నుంచి బస్సుల్లో రావడం కష్టమని ఎలాగూ మూడు చిన్న బస్సులు మాట్లాడాలనుకున్నాం. పిన్ని ఫోన్ పట్టుకుని అందరికీ "మీకోసం బండి పంపిస్తన్నాం, ఎన్ని సీట్లు ఉంచమంటారు?" అని అడిగింది. ఒక్కరు కూడా తప్పుగా అనుకోలేదు, పైగా సంతోషించారు. సొంత బండ్లలో వచ్చేవాళ్లు "మాకొద్దులే, మేం నలుగురం కారులో వస్తాం" అని వాళ్లే చెప్పేశారు. అలా తేలిన లెక్క 540. ఆ రోజు వచ్చింది 520 మంది దాకా. ఊళ్లో వాళ్ల లెక్క పెద్దమ్మ నోటితోనే చెప్పింది, ఏ ఇంట్లో ఎవరు ఊళ్లో ఉన్నారో ఎవరు హైదరాబాద్‌లో ఉన్నారో ఆమెకు తెలియనిది లేదు.

ఇక బియ్యం. వంట మాస్టర్ మూడు బస్తాలు కావాలన్నాడు, బస్తాకు 25 కిలోలు. అంత ఎందుకని అడిగితే "చాలకపోతే నా పేరు పోతాదమ్మా" అన్నాడు. ఆయన భయాన్ని నేను తప్పు పట్టను. అన్నం మిగిలితే ఎవరూ ఏమీ అనరు, చాలకపోతే మాత్రం ఆ మాట ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. అందుకే తగ్గించమని నేను వాదించలేదు. మూడు బస్తాలూ తెచ్చి పెట్టాం, కాకపోతే ఒకేసారి వండొద్దని అడిగాను. మొదటి బస్తా వండి ఉంచడం, మొదటి బంతి కూర్చున్నాక రెండోది మొదలుపెట్టడం, రెండో బంతి లేచాక జనాన్ని చూసి మూడో బస్తా సంగతి తేల్చడం. ఎసరు మరుగుతా ఉంటే అన్నం ఉడకడానికి ఎంతసేపు పడుతుంది? మూడో బస్తా మూతి కూడా విప్పలేదు. విప్పని బస్తా వెనక్కి తీసుకుంటానని నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో కొట్టాయన ముందే ఒప్పుకున్నాడు, తీసుకున్నాడు. అంటే 520 మందికి 50 కిలోలు సరిపోయింది, పైగా కొద్దిగా మిగిలింది కూడా. పులిహోర, పూర్ణాలు, వడ, ఇన్ని ఉన్నప్పుడు తెల్లన్నం ఎవరూ ఎక్కువ తినరు.

ఐటమ్స్ కూడా తగ్గించాం. మొదట బావ రాసిన లిస్టులో ఇరవై రెండు ఉన్నాయి, పద్నాలుగుకు దించాను. స్వీట్లు మూడు అనుకున్నవి ఒకటి చేశాం, పూర్ణం బూరెలు మాత్రమే. మీరు ఎప్పుడైనా లేచిన బంతి ఆకుల్ని చూడండి, అందులో పారేసింది ఎక్కువగా స్వీట్లే, ఒక్క కొరుకు కొరికి వదిలేసిన బాదుషాలు, మైసూర్‌పాక్ ముక్కలు. అవి చేయడానికి పోసిన నెయ్యి, పంచదార, గ్యాస్ అన్నీ ఆకుతోపాటే పోతాయి.

బఫే వద్దని నేను గట్టిగా పట్టుబట్టాను. బఫేలో మనిషి మళ్లీ లైన్లో నిలబడాల్సి వస్తుందని ఒకేసారి అన్నీ పెట్టుకుంటాడు. కూర్చోబెట్టి అరిటాకులో వడ్డిస్తే కొద్దికొద్దిగా నాలుగుసార్లు వేయొచ్చు. కాకపోతే వడ్డించేవాళ్లకు చెప్పాలి. మా వీధి పిల్లలు పన్నెండు మంది వడ్డనకు వచ్చారు, వాళ్లకు ముందురోజు సాయంత్రం చిన్న గరిటెలు ఇచ్చి ఒకటే చెప్పాను, అడగకుండా వేయొద్దు, చేయి అడ్డం పెట్టిన వాళ్లకు బలవంతంగా వేయొద్దు, అడిగిన వాళ్లకు మాత్రం ఎన్నిసార్లయినా వేయండి. మన మర్యాదలో బలవంతం చేయడం ఒక భాగం, నాకు తెలుసు. ఆ పని అక్కా బావా చేశారు, బంతుల మధ్య తిరుగుతా "ఇంకొంచెం వేయించుకోండి" అని నోటితో అడిగారు, గరిటె మాత్రం మనిషి ఊ అన్నాకే వంగింది. చిన్నపిల్లలకు అరిటాకు సగం చేసి వేశాం. పెద్ద ఆకు చూస్తే వడ్డించేవాళ్ల చెయ్యి ఆగదు, చిన్న ఆకులో చిన్నగానే పడుతుంది.

నీళ్ల దగ్గర నిజంగా గొడవ జరిగింది. బావకు చిన్న బాటిళ్లు పెట్టాలని ఉంది. "ఏందమ్మా, స్టీలు గ్లాసుల్లో నీళ్లిస్తే బాటిలు పెట్టడానికి చేతకాలేదంటారు" అన్నాడు. నేను లెక్క చెప్పాను. మే నెలలో మనిషికి మూడు బాటిళ్లు ఖాయం, పదిహేను వందల బాటిళ్లు, ఒక్కోటి ఆరు రూపాయలనుకున్నా తొమ్మిది వేలు. చిన్నబజారులో అడిగితే స్టీలు గ్లాసు 45 రూపాయలు చెప్పారు, ఐదు వందలు కొంటే ఇరవై రెండున్నర వేలు. మొదటిసారి గ్లాసులే ఖరీదెక్కువ, ఆ మాట నేను దాచలేదు. కానీ అవి ఫంక్షన్ అయ్యాక మన ఇంట్లో పడి ఉండవు, రామాలయానికి ఇచ్చేద్దాం, ఊళ్లో ఎవరింట్లో ఫంక్షన్ అయినా తీసుకుపోతారు అన్నాను. మా ఊరి రామాలయంలో ఇప్పటికీ పాత ఇత్తడి గంగాళాలు రెండు, పేర్లు కొట్టించిన పెద్ద గుండిగలు మూడు ఉన్నాయి. ఒకప్పుడు ఊళ్లో పెళ్లంటే సామానంతా అక్కడినుంచే వచ్చేదని అమ్మ చెప్తుంది. పారేసే ప్లేట్లు, గ్లాసులు వచ్చాక వాటిని అడిగేవాళ్లు లేకుండాపోయారు. ఈ మాట బావకు నచ్చింది. నాన్న, అన్నయ్య, బావ ముగ్గురూ పంచుకుని కొన్నారు, గ్లాసుల మీద పాప పేరు కొట్టించారు.

అక్క అత్తగారి భయం వేరు. కరోనా తర్వాత ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు ఎలా తాగుతారు అని. అది న్యాయమైన ప్రశ్నే. అందుకని గ్లాసులు కడగడానికి మాత్రమే నలుగురిని విడిగా పెట్టాం, మనిషికి 800 రూపాయల కూలి. మూడు టబ్బులు. మొదటిదాంట్లో ఎంగిలి వదిలించడం, రెండోదాంట్లో సబ్బుతో తోమడం, మూడోదాంట్లో వేడినీళ్లలో ముంచి తీయడం. తర్వాత వెదురు తడికె మీద ఎండలో బోర్లించడం. ఈ టబ్బుల్ని దాచకుండా, వచ్చేవాళ్లందరికీ కనపడేలా పందిరి పక్కనే పెట్టమన్నాను. చూసినాక అత్తగారు తనే మొదట మజ్జిగ తాగారు. నీళ్లకు 20 లీటర్ల క్యాన్లు పాతిక తెప్పించి కొత్త కుండల్లో పోసి వట్టివేళ్లు వేశాం, పొదలకూరు నిమ్మకాయలతో షర్బత్ చేశాం. ఆ రోజు ఎండకి కుండలో నీళ్లే జనానికి బాగా నచ్చాయి, ఐసు అడిగినవాళ్లు తక్కువ.

పేపరు కప్పుల గురించి ఒక మాట. వాటిని మంచివనుకుని వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ వాడాను. కాఫీ కారకుండా ఉండటానికి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర వేస్తారు. నమ్మకం లేకపోతే ఒక కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఉదయం చీల్చి చూడండి, కాగితం ముద్దగా విడిపోతుంది, పొర చేతికి వస్తుంది. అలాగే కొట్లలో గుడ్డ సంచులని ఇచ్చే రంగురంగుల సంచులు, పెళ్లి తాంబూలాలకు పేర్లు అచ్చేయించి ఇస్తారే, అవి ఎక్కువగా గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఒక దారం పోగు లాగి అగ్గిపుల్ల దగ్గర పెడితే నూలయితే కాలి బూడిదవుతుంది, ఇది కరిగి ముద్ద కడుతుంది. పొద్దున టిఫిన్‌కు మేం వక్క మట్టలతో చేసిన ప్లేట్లు వాడాం, చెట్టు నుంచి రాలిన మట్టల్ని తడిపి వేడి అచ్చులో నొక్కి చేస్తారు, జిగురు గానీ పూత గానీ ఉండదు.

తాంబూలం గురించి ఆడవాళ్లమంతా కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. జాకెట్ ముక్క పెట్టకుండా ఎలా అని అమ్మ అడిగింది. అమ్మ బీరువాలో అలా వచ్చిన జాకెట్ ముక్కలు లెక్కపెడితే నలభై మూడు ఉన్నాయి, ఒక్కటీ కుట్టించుకోలేదు, అన్నీ పాలిస్టరువే, ఒకరు పెట్టింది ఇంకొకరికి పెడతా ఊరంతా తిరుగుతూనే ఉన్నాయి. చివరికి నూలు గుడ్డ తానులు కొని మా ఊరి టైలరమ్మతో సంచులు కుట్టించాం, కూరగాయలకు తీసుకుపోయేంత పెద్దవి, గట్టి పిడులతో. అందులో ఆకు, వక్క, అరటిపళ్లు, పసుపు కుంకుమ పొట్లాలు, ఉదయగిరి చెక్క గరిటె ఒకటి. ఉదయగిరిలో కొండ మీద దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో గరిటెలు, స్పూన్లు చెక్కుతారు, తరాలుగా అదే పని చేస్తున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మన జిల్లా వస్తువు, నాన్‌స్టిక్ పెనం మీద గీత పడదు, పాడైతే పొయ్యిలో పెట్టొచ్చు. ఇదివరకు ప్లాస్టిక్ డబ్బాలు పంచినప్పుడు ఎవరూ ఫోన్ చేయలేదు గానీ ఈ గరిటెలు ఎక్కడ కొన్నారని ఇప్పటికీ అడుగుతున్నారు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. స్టేజీ అలంకరణ చేసే అతనికి మామిడాకులు, కొబ్బరాకులు, అరటి బోదెలు, బంతిపూలు తప్ప ఇంకేమీ వద్దని రెండుసార్లు చెప్పాను. తెల్లవారుజామున వచ్చి పూలు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు, పాప పేరుతో థర్మాకోల్ అక్షరాలు దింపాడు. అలంకరణకు థర్మాకోల్ వాడటం 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. అతనికి ఆ సంగతి తెలియదు, నేను చెప్పినా ముహూర్తం ముంచుకొస్తుంటే చేయగలిగింది లేకపోయింది. ఆ పచ్చ ఇటుక కూడా ప్లాస్టిక్కే, పొడిపొడిగా రాలిపోయి మట్టిలో కలిసినట్టు కనపడుతుంది కానీ కలవదు. ఇప్పుడు నాకు తెలిసింది ఏమిటంటే ఏం వద్దో చెప్పడం చాలదు, పూలు దేంట్లో గుచ్చుతావు, దేంతో కడతావు అని అడగాలి. ఇసక నింపిన ఇత్తడి బిందెల్లో గుచ్చొచ్చు, నూలు దారంతో కట్టొచ్చు.

అలాగే బావ స్నేహితులు రెండు ఫ్లెక్సీలు కట్టారు, ప్రేమతో కట్టిన వాళ్లను విప్పమని అనలేకపోయాను. ఫ్లెక్సీని మాత్రం ఎవరూ కాల్చకండి, అది పీవీసీ అనే ప్లాస్టిక్, కాలిస్తే డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. మా రెండూ ఇప్పుడు గడ్డివాము మీద కప్పి ఉన్నాయి. ఐస్‌క్రీమ్ కప్పులు కూడా తప్పలేదు, పిల్లలు ఎదురుచూస్తున్నారని అన్నయ్య తెప్పించాడు, ఐదు వందల చిల్లర కప్పులూ మూతలూ. పొడి చెత్తలో సగానికి పైగా అదే.

మిగిలిన అన్నం గురించి ముందే ఒక వృద్ధాశ్రమంతో మాట్లాడి ఉంచాం. మధ్యాహ్నం రెండున్నరకే, ఆఖరి బంతి నడుస్తుండగానే, వడ్డనలోకి రాని గిన్నెల్లోంచి అన్నం, సాంబారు, పప్పు వేడిగా ఉన్నప్పుడే క్యారియర్లలో పెట్టి పంపేశాం. సాయంత్రం దాకా ఉంచి అప్పుడు ఎవరికైనా ఇద్దాంలే అనుకుంటే మే నెల వేడికి పాడైపోయి మంచి చేయబోయి జబ్బు చేసినట్టవుతుంది. కొబ్బరి పచ్చడి, పెరుగు అస్సలు పంపలేదు.

ఎంగిలాకులకు పెరట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంత తీయించాం. దగ్గరుండి తీయించింది పెద్దమ్మ. అరిటాకుల్ని అలాగే పడేస్తే ఒకదానికొకటి అతుక్కుని గాలి ఆడదు, కుళ్లి కంపు కొడుతుంది, కొడవలితో నాలుగు ముక్కలు చేసి వేయాలని చెప్పింది. ఒక వరస ఆకులు, ఒక వరస వరిగడ్డి, పైన పేడనీళ్లు, మళ్లీ ఆకులు. అన్నం మెతుకులు ఒక్కచోట ముద్దగా పడకుండా గడ్డితో కలిపేసింది. ఆఖరున జానెడు మట్టి కప్పి పైన కంప వేశాం, పశువులు గానీ కుక్కలు గానీ తవ్వకుండా. కంప ఆమే తెచ్చి వేసింది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడున్నర నెలల తర్వాత తవ్వితే నల్లటి ఎరువు, బెండ తోటకు వేశారు.

పొడి చెత్త కోసం మూడు రోజుల ముందే పంచాయతీ కార్యదర్శికి చెప్పి ఉంచాను. వంద మందికి మించి చేసే కార్యక్రమం లైసెన్సు ఉన్న చోట కాకపోతే మూడు పనిరోజుల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, తడి చెత్త పొడి చెత్త వేరుచేసే బాధ్యత చేసేవాళ్లదేనని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. మరునాడు ఉదయం పంచాయతీ తరఫున చెత్త తీసుకుపోయే గ్రీన్ అంబాసిడర్లు రిక్షా బండితో వచ్చారు. రెండున్నర గోతాలు, అంతే. "ఫంక్షన్ జరిగిన ఇంట్లో ఇంతేనా?" అని ఆ బండి తోలే ఆమె అడిగింది. ఐస్‌క్రీమ్ కప్పులు లేకపోతే ఒక గోతంలో అయిపోయేది.

గ్లాసులు రామాలయానికి చేరి ఇప్పటికి నాలుగు ఫంక్షన్లకు వెళ్లొచ్చాయి. పదకొండు తగ్గాయి. వచ్చే నెలలో మా మేనమామ కొడుకు పెళ్లి, నెల్లూరులో కల్యాణ మండపంలో. అక్కడ భోజనం ప్యాకేజీలోనే బాటిళ్లు, బఫే ప్లేట్లు కలిపి ఉన్నాయి. వాటిని తీసేసి గ్లాసులు, ఆకులు పెట్టనిస్తారా అని అడగడానికి ఈ ఆదివారం నేనూ బావా మండపం మేనేజర్ దగ్గరికి పోతున్నాం. కడగడానికి నీళ్లు, చోటు ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఒప్పుకుంటే 489 గ్లాసులకు ముందుగా పెద్దమ్మను అడగాలి. రామాలయం బీరువా తాళం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది.